కృష్ణకి డాన్స్ వచ్చా?

మా రూమ్ ఖాజాగూడలో. మేడెక్కితే ఒక పక్క ఐటీ కంపెనీల అద్దాల బిల్డింగులు, ఇంకో పక్క రాళ్ల గుట్టలు. పోయిన సెమిస్టర్ సెలవుల్లో ఆ గుట్టల మీద షార్ట్ ఫిల్మ్ తీద్దామని నలుగురం బయల్దేరాం. కౌబాయ్ కథ. ఒక టోపీ, ఒక ట్రైపాడ్, ఒక ఫోన్. హీరో నేనే. మూడో టేక్‌లో పక్కనుంచి ఎవరో నవ్వారు. అంతే. నాకు యాక్టింగ్ రాదు, నా వల్ల కాదు అని టోపీ తీసేశాను. షూటింగ్ అక్కడే ఆగిపోయింది.

రాత్రి ఫోన్లో చెబితే నాన్న ఒకటే మాట అడిగారు: “మా కృష్ణ డాన్స్ వచ్చే ఆడాడంటావా?”

నాన్న సూపర్‌స్టార్ కృష్ణ వీరాభిమాని. నేనేమో ఆయన స్టెప్పుల మీమ్స్ హాస్టల్ గ్రూపులో ఫార్వర్డ్ చేసే బ్యాచ్. మీలో చాలామంది కూడా ఇదే బ్యాచ్ అని నాకు తెలుసు. నాన్న మాటకి సమాధానం వెతుకుతూ కృష్ణ గారి గురించి చదవడం మొదలుపెట్టాను. చదివాక నాకు అనిపించింది ఇదీ: ఆయన్ని ఆయనకి రానివాటితో కొలిచి మనం నవ్వుకుంటున్నాం. కొలవాల్సింది ఆ పనులతో కాదు, రాకపోయినా ఆగకుండా ఆయన దిగిన పనులతో.

మొదట మనకి దగ్గరి విషయం. తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన ఈయన్ని ఇంట్లోవాళ్లు ఇంజనీర్‌ని చేద్దామనుకున్నారు. సీటు రాలేదు. ఏలూరు సి.ఆర్.రెడ్డి కాలేజీలో బీఎస్సీ చేశారు. 1965లో ఆదుర్తి సుబ్బారావు ‘తేనె మనసులు’లో హీరోగా తీసుకుంటే, రషెస్ చూసినవాళ్లు ఈ కుర్రాణ్ని మార్చేయమన్నారు. ఆదుర్తి మార్చలేదు. ఆ సినిమాలోనే స్కూటర్ మీద కారుని వెంటాడే సీన్ చూసి నిర్మాత డూండీ ‘గూఢచారి 116’ ఇచ్చారు. 1966లో తెలుగువాళ్లకి ఒక జేమ్స్‌బాండ్ దొరికాడు.

ఇక కౌబాయ్ సంగతి. సొంత బ్యానర్ పద్మాలయా మీద తీసిన మొదటి సినిమా ‘అగ్నిపరీక్ష’ ఆడలేదు. మనమైతే తర్వాత ఏం చేస్తాం? సేఫ్‌గా ఒక ఫ్యామిలీ కథ తీస్తాం. ఆయన గుర్రాలు, తుపాకులు తీసుకుని యూనిట్‌ని రాజస్థాన్ ఎడారికి పట్టుకెళ్లారు. ఆరుద్ర రచన, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వం. 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా. హాలీవుడ్ బడ్జెట్ లేదు, అనుభవం లేదు. అయినా తీశారు, ఇంగ్లీషులోకి కూడా డబ్ చేశారు.

1974లో ‘అల్లూరి సీతారామరాజు’, తెలుగులో మొదటి సినిమాస్కోప్. షూటింగ్ మధ్యలో దర్శకుడు వి.రామచంద్రరావు చనిపోతే మిగిలిన భాగం బాధ్యత కృష్ణే తీసుకున్నారు. అంత పెద్ద హిట్ తర్వాత వరసగా సినిమాలు పోయాయి. 1976లో సొంత సినిమా ‘పాడిపంటలు’తో లేచారు. 1986లో తనే దర్శకుడిగా ‘సింహాసనం’, తెలుగులో మొదటి 70 ఎం.ఎం. ఇవన్నీ టాలెంట్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఆగినవాడు చేసే పనులేనా?

కౌబాయ్ అనగానే గుర్తొచ్చే క్లింట్ ఈస్ట్‌వుడ్ పుట్టినరోజు, కృష్ణ పుట్టినరోజు ఒకటే, మే 31. పోలిక అక్కడితో ఆగదు. ఆయన్ని కూడా మొదట్లో పనికిరాడనే పంపేశారు, 1955లో యూనివర్సల్ స్టూడియో కాంట్రాక్ట్ ఆపేసింది. ఆయనా సొంత కంపెనీ పెట్టారు, దర్శకుడయ్యారు. 1986లో కార్మెల్ అనే చిన్న ఊరికి మేయర్ అయ్యారు. మన కృష్ణ 1989లో ఏలూరు ఎంపీ అయ్యారు.

అయితే నాన్నతో నేను ఒప్పుకోని చోటు కూడా ఇక్కడే ఉంది. 1972 ఒక్క ఏడాదిలోనే కృష్ణవి 18 సినిమాలు రిలీజయ్యాయి. మొత్తం 350 దాకా. అంత వేగంలో వెనక్కి తిరిగి చూసుకునే టైం ఎక్కడుంటుంది? ఈస్ట్‌వుడ్ 62 ఏళ్ల వయసులో ‘అన్‌ఫర్గివెన్’ తీసి, తనకి పేరు తెచ్చిన తుపాకీ హీరోనే బోనులో నిలబెట్టి ఆస్కార్ కొట్టారు. అలా తన ఇమేజ్‌ని తనే ప్రశ్నించుకున్న సినిమా కృష్ణ గారికి లేదనేది నా అభిప్రాయం. తప్పు ఆయనొక్కడిదే కాదు. హీరోకి వయసు రావడం చూడలేని మన అభిమానానిది కూడా. ఇది చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సర్లే, ముందు ఒకటి తియ్యి, తర్వాత ప్రశ్నించుకుందువు” అన్నారు.

అదీ నిజమే. వెనక్కి తిరిగి చూసుకోవాలంటే ముందు కొంత నడిచి ఉండాలి కదా. మన క్యాంపస్‌లో నేను చూసే జబ్బు వేగం కాదు, మొదలుపెట్టకపోవడం. కోడింగ్ పూర్తిగా వచ్చాకే హ్యాకథాన్, ఇంగ్లీష్ బాగా వచ్చాకే సెమినార్, కవిత్వం అంటే ఏంటో తెలిశాకే ఈ పత్రికకి కవిత. నవ్వుతారేమో అన్న భయానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు ప్రిపరేషన్.

కృష్ణ గారు చివరిదాకా ఉన్న ఇల్లు నానక్‌రామ్‌గూడలో, మా రూమ్‌కి ఎంతో దూరం కాదు. 2022 నవంబర్ 15న ఆయన పోయినప్పుడు అభిమానులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చారు. 2023 మే 31న ‘మోసగాళ్లకు మోసగాడు’ మళ్లీ థియేటర్లలో వేస్తే నాన్న నన్ను రమ్మని పిలిచారు. పాత సినిమా ఏం చూస్తాంలే అని నేను వెళ్లలేదు. ఆయన ఒక్కరే వెళ్లొచ్చారు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

వచ్చే ఆదివారం మళ్లీ ఆ గుట్టలెక్కుతున్నాం. టోపీ కప్‌బోర్డులోంచి తీసి పెట్టాను. నాకు యాక్టింగ్ ఇప్పటికీ రాదు. నవ్వేవాళ్లు పొద్దున్నే రండి, ఎండెక్కితే రాళ్లు కాలతాయి. మొదటి లింకు మాత్రం నాన్నకే పంపిస్తాను.