బైబిలు కళాశాలల గ్రామశాఖలు

ఇబ్రహీంపట్నపు ప్రాంతమున రావిర్యాల యను గ్రామము గలదు. హైదరాబాదును చుట్టివచ్చు పెద్ద రహదారి దాని చెంతనే పోవుచున్నది. ఇట్టి గ్రామములలో వారమంతయు కూలికో కొలువునకో పోయి, ఆదివారమున సంఘమునకు వాక్యము చెప్పువారుందురు. అట్టివానిని మూడేండ్లు పట్టణమున గూర్చుండి చదువుమనుట సంసారమును పస్తుంచుమనుటయే. అందుచే బైబిలు కళాశాలలు స్థానిక సంఘములలోనే శాఖలు నడుపుటను మేము మనఃపూర్వకముగ నామోదించుచున్నాము. అయితే శాఖ యనగా చర్చిగోడకు దగిలించిన బల్ల కారాదు.

మా పాఠకులలో క్రైస్తవులు కానివారు, ఇది పరుల యింటి ముచ్చట గదా యందురేమో. తెలుగుదేశమున మాల మాదిగ కుటుంబములకు అక్షరము మొదట దొరికినది పెక్కుచోట్ల సంఘపు పాకబడిలోనే. అచ్చటి ఉపదేశికి ఎట్టి చదువు గలదో, ఆ వాడకును అట్టి చదువే గలిగినది. కావున ఇది ఊరందరి ముచ్చట.

1912లో అభిషిక్తుడై ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తిరునెల్వేలి సీమ తమిళులు. తెలుగు నేర్చి, డోర్నకల్‌లో తెలుగుననే కాపరులను తయారుచేయించిరి. వారి భార్యలకును శిక్షణ మిప్పించిరి. తరువాత డోర్నకల్, రామాయపట్నము, కాకినాడ, రాజమహేంద్రవరముల పాఠశాలలు నాలుగును 1964లో ఏకమై ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల యైనవి. 1973లో అది హైదరాబాదు చేరినది. భిన్నశాఖలవారు ఒక్క కప్పు క్రింద జదువుట మేలే. కాని బడి పల్లెకు మరింత దూరమైనదనియు జెప్పకతప్పదు.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. గ్వాటెమాలా దేశపు ప్రెస్బిటీరియనులు 1963లో శిష్యుని బడికి రప్పించుట మాని, బడినే శిష్యునొద్దకు బంపిరి. ఇంట పాఠము చదువుట, వారమున కొకనాడు గురువుతో గూడి చర్చించుట, నేర్చినదానిని తన సంఘముననే ఆచరించుట, ఇదియే వారి పద్ధతి. 1971లో బెంగుళూరున నీ పద్ధతికే యొక సంస్థ వెలసినది.

పద్ధతి మంచిదే, నడుపుటలోనే యున్నది కష్టమంతయు. సంఘకాపరియే బోధకుడు, ఆయనయే పరీక్షకుడు, పట్టముపై సంతకమును ఆయనదే యైనచో ఆ పట్టమునకు విలువ యేమి? ప్రశ్నపత్రము కేంద్ర కళాశాలనుండి రావలెను. దిద్దువాడును పరాయివాడు కావలెను. నెలకొకసారియైన అధ్యాపకుడు బస్సెక్కి రావలెను. ఒక బీరువానిండ తెలుగు గ్రంథములు వలయును. ఇంగ్లీషు పుటల నకళ్లు పంచిన, చిలుకపలుకులే మిగులును. సంఘమున ముప్పాతిక స్త్రీలే కనబడుచుండ, శాఖయందు వారికి చాప వేయకుండుట మాకు వింతగా నున్నది.

ఇక ధనము. సముద్రముల కావలి దాత శాఖల సంఖ్యను, పటములను అడుగును; అందుచే సంఖ్యయు పటములుమాత్రమే పెరుగు నపాయము గలదు. స్వరాజ్యము ప్రభుత్వమునకే గాని ప్రార్థనామందిరమునకు వలదా? అన్నము వండునపుడు పిడికెడు బియ్యము వేరుగా దీసి సంఘమున కిచ్చు నాచారము మన తెలుగు క్రైస్తవ స్త్రీలది. శాఖ ఖర్చులో సగమైన ఆ పిడికిటినుండియే రానిండు. మిగిలినది ఎవరిచ్చిరో, ఎంత యిచ్చిరో, పుస్తకముల కెంతయో, ప్రయాణముల కెంతయో, నెలకొక ఆదివారమున ఆరాధన ముగియగానే సంఘము ఎదుట బిగ్గరగా చదివి వినిపించుడు.