మాత్రకో న్యాయం, మనిషికో న్యాయం

"పాజిటివ్" అంటే ఏంటని ఎప్పుడైనా ల్యాబు వాణ్ణి అడిగారా? ఆన్‌సైట్ వెళ్ళేముందు క్లయింటు అడిగాడని డ్రగ్ టెస్టుకి మూత్రం ఇచ్చొచ్చిన వాళ్ళు మనలో చాలామందే ఉంటారు. రిపోర్టులో నెగటివ్ అన్న ముక్క చూసి హమ్మయ్య అనుకుంటాం. ఆ ముక్క వెనక ఒక అంకె ఉంటుంది. దాన్ని ఎవరూ అడగరు.

ఓపియేట్లే తీసుకోండి. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల పరీక్షల్లో మిల్లీలీటరుకి 300 నానోగ్రాములుంటే పాజిటివ్ అనేవాళ్ళు. గసగసాలు తిన్నవాళ్ళూ దొరికిపోతున్నారని 1998లో ఆ గీతని 2000కి జరిపారు. 300 దగ్గరే ఆగే స్ట్రిప్పులు ఇప్పటికీ అమ్ముతున్నారు. అంటే ఆదివారం గసాలు నూరి వండిన కోడికూర తిన్నవాడు సోమవారం ఒక ల్యాబులో దోషి, పక్క ల్యాబులో నిర్దోషి కావచ్చు. శాంపిల్ ఒకటే, రెండు ల్యాబులూ కరెక్టే! ఇఫ్ కండిషన్లో అంకె మారిస్తే అవుట్‌పుట్ మారదూ?

పైగా స్ట్రిప్పు చేసేది వడపోతే. జలుబు మాత్రలోని సూడోఎఫెడ్రిన్‌ని చూసి యాంఫెటమిన్ అనుకోగలదు. తేల్చాల్సింది మాస్ స్పెక్ట్రోమెట్రీ.

ఇప్పుడు పటాన్‌చెరు వైపు రండి. పాశమైలారం, బొల్లారంలలో మందుల ఫ్యాక్టరీలున్నాయి. అమెరికాకి పోయే మందు ఒక టెస్టులో ఫెయిలైతే ముందు ల్యాబునే అనుమానించాలి: ద్రావణం సరిగ్గా కలిపారా, మెషీన్ సరిగ్గా ఉందా అని. దీన్నే ఓఓఎస్ విచారణ అంటారు. అమెరికా ఎఫ్‌డీఏ 2006లో దీని మీద మార్గదర్శకాలే ఇచ్చింది. అదే గేటు దగ్గర కాంట్రాక్టు కార్మికుడి స్ట్రిప్పు మీద గీత రాకపోతే? వాడికే విచారణా అక్కర్లేదా?

ఇక్కడ ఇంకో చిక్కుంది. తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం కలపడం ఎక్సైజు కేసుల్లో పదే పదే బయటపడింది. దాన్ని దొంగచాటుగా తయారుచేసేవాళ్ళు సంగారెడ్డి జిల్లాలోనే దొరికారు. కల్లే అనుకుని తాగినవాడికి టెస్టు పాజిటివ్ వస్తే ల్యాబుది తప్పు కాదు, మాస్ స్పెక్ట్రోమెట్రీ కూడా అదే చెబుతుంది. వాణ్ణి కూర్చోబెట్టి అడిగే డాక్టరు కావాలి.

"మరి మత్తులో రియాక్టర్ దగ్గర నిలబడితే?" అంటారు. నిజమే, ఆ రోజు పనిలోంచి తప్పించండి. ఉద్యోగంలోంచి కాదు.

నేనడిగేది మూడే. రిపోర్టు మీద కటాఫ్ అంకె వెయ్యండి. శాంపిల్‌ని రెండుగా చేసి, సగం వేరే ల్యాబులో తేల్చడానికి దాచండి. ఉద్యోగం తీసేముందు డాక్టరు చేత మాట్లాడించండి. అమెరికా ఫెడరల్ ఉద్యోగికి వీటిలో చివరి రెండూ ఉన్నాయి. అమెరికావాడి మాత్రకి పాటించే పద్ధతి, ఆ మాత్ర చేసేవాడికి పాటించలేమా?