నోరెత్తని రోగికి రక్షణ ఎక్కడ?

డాక్టరు చదువుల్లో ఇప్పుడు 'రోగి భద్రత' అనే పాఠం చెబుతున్నారని మా పేటలో ఒక సాయంత్రం చెప్పాం. వైద్యం చేసేటప్పుడు రోగికి చెరుపు జరక్కుండా చూసుకోవడం ఎలాగో నేర్పుతారట అన్నాం. అరుగు మీదున్న ముసలమ్మ ఒకామె నవ్వేసింది. "మరిన్నాళ్లూ ఏటి నేర్పీవోరు?" అంది.

ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు.

పాఠం మంచిదే. కాదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో డాక్టర్లకీ, నర్సులకీ, మందులిచ్చేవాళ్లకీ కలిపి ఒక బోధనా పుస్తకం తెచ్చింది. అందులో 11 అంశాలు. చేతులు కడగడం, మందు తప్పు పోకుండా చూడటం, తప్పు జరిగితే దాచకుండా దాన్నుంచి నేర్చుకోవడం. ఎనిమిదోది రోగినీ, రోగి మనుషుల్నీ వైద్యంలో భాగస్వాముల్ని చేసుకోవడం. మన దేశంలో కూడా 2019లో ఎంబీబీఎస్ చదువు మార్చినప్పుడు నీతి, నడవడి, రోగితో మాట్లాడే తీరు నేర్పాలని పెట్టారు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆ ఎనిమిదో పాఠం దగ్గరే మా పేచీ.

మా పిన్ని సంగతి చెబుతాం. ఒక ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజు మాత్రలు మారిపోయాయి. రోజూ వేసేది చిన్న తెల్ల మాత్ర, ఆ పూట ఇచ్చింది ఎర్రది. పక్క మంచం ఆమెది. పిన్నికి తేడా తెలిసింది. తెలిసే మింగింది. కాసేపటికి కళ్లు తిరిగి పడిపోయింది. అదృష్టం, బతికింది. ఎందుకడగలేదే అంటే, "మనమేటడుగుతాం నాయినా, సదూకున్నోలు, ఆలకి తెల్దేటి?" అంది. అక్కడే నిల్చున్న మేమూ అడగలేదు. బడిలో పిల్లల్ని ప్రశ్నలు వెయ్యండర్రా అని రోజూ అరిచే మేము, తెల్లకోటు ముందు చేతులు కట్టుకుని నిల్చున్నాం. డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది. గొంతులో తాతలనాటి భయం కూడా ఉంది.

మందు ఇచ్చే ముందు "నువ్వు ఫలానా కదూ" అని అడక్కూడదట. "నీ పేరేటి" అని రోగి నోటితోనే చెప్పించాలట. ఎందుకో మా వాళ్లకి చెప్పక్కర్లేదు. పెద్దోళ్లు ఏం అడిగినా "ఔను బాబూ" అనడమే మనకి నేర్పిన మర్యాద. పైగా మా పక్క వార్డులో 'అప్పలమ్మా' అని కేకేస్తే ముగ్గురు లేస్తారు.

అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో 1929 నాటి ఒక ఘోరం చెప్పారు. కథియవాడ్‌లో ఒక దళిత బడిపంతులు. భార్య బాలింత, జబ్బు పడింది. వాడలోకి రానని షరతు పెట్టి డాక్టరు వచ్చాడు. ఆమెని వాడ బయటికి తేవాల్సి వచ్చింది. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకిచ్చాడు. న్యుమోనియా అన్నాడు. తర్వాత జబ్బు ముదిరితే రానన్నాడు. ఆమె చచ్చిపోయింది. చదువు తక్కువై కాదు కదా ఆ డాక్టరు అలా చేసింది! ఇవాళ థర్మామీటరు నేరుగా మన చేతికే ఇస్తారు. కానీ అడ్డంగా నిలిచింది పూర్తిగా తొలగిందా?

ఇబ్రహీంపట్నం మరిచిపోయామా? 2022 ఆగస్టు 25న ఆ ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. విచారణ, సస్పెన్షన్, బదిలీ, అన్నీ అయ్యాయి. మా ప్రశ్న వేరు. ఇంతమందికి ఒక్కరోజులో చేస్తుంటే పనిముట్లు శుభ్రమయ్యాయా, కాసేపు ఆపండి అని అనగల హక్కు ఆపరేషన్ గదిలో ఎవరికుంటుంది? నర్సుకా? ఆయాకా? తుడిచే మనిషికా?

ఆ తుడిచే మనిషి ఎక్కువగా మనవాడే. రెల్లోళ్లు, మాలలు, మాదిగలు. సూదులు తెల్లటి గట్టి డబ్బాలో వెయ్యాలని 2016 నిబంధనల్లో ఉంది. చెత్త సంచిలో పడేస్తే ముందు గుచ్చుకునేది అతని చేతికే. ఏ వార్డులో ఏది సరిగా జరగట్లేదో అందరికంటే ముందు తెలిసేది అతనికే. కాంట్రాక్టు మనిషి, నోరు తెరిస్తే రేపు పనుండదు. భద్రత పాఠం చెప్పే గదిలో ఒక్కసారైనా అతనికి కుర్చీ వేస్తారా?

పనిని మెరుగుపరచడం గురించి ఆ పుస్తకంలో చెప్పింది బ్రహ్మవిద్యేం కాదు. ముందు లెక్కపెట్టు, ఒకటి మార్చు, మళ్లీ లెక్కపెట్టు. పేరు అడక్కుండా ఈ వారం ఎంతమందికి మాత్రలు ఇచ్చారు, వచ్చే వారం ఎంతమందికి? మా బడి హాజరుపట్టీ పాటి పని.

శ్రీకాకుళంలో 2008 నుంచి, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ఎంబీబీఎస్ పిల్లలు పల్లెల్లో కొన్ని కుటుంబాల్ని దత్తత తీసుకుని చదువు పొడుగునా చూస్తుండాలనే నియమం కూడా ఉంది. సంఘం కార్యకర్తలకి ఒక మాట. వాళ్లు మీ ఊరొస్తే రామకోవెల అరుగు దగ్గరే ఆగిపోనివ్వకండి. పేటలోకి తీసుకురండి. బీపీ చూసుకోనివ్వండి, రాసుకోనివ్వండి. ఆ తర్వాత కాసేపు కూర్చోమనండి. మా ఊరొస్తే మా పిన్ని ఉంది. ఆ ఎర్రమాత్ర సంగతి ఆమే చెబుతుంది.