శిక్షకుని మార్చినంత మాత్రాన

ఖరగ్‌పూర్ పూరీ గేట్ వద్ద ఒక తెలుగు రైల్వే పెద్దాయన నన్ను నిలదీశారు: "మీ ఢిల్లీవారు ఫుట్‌బాల్ కోచ్‌ని ఇంకెన్నిసార్లు మారుస్తారండీ?"

ప్రశ్న సమంజసమే. 2024 జూన్‌లో స్టిమాచ్‌ను తొలగించారు. అంతకు ఎనిమిది నెలల ముందు ఆయన ఒప్పందాన్ని పొడిగించినదీ ఆ సమాఖ్యయే. 2022లో హైదరాబాదు జట్టుకు ఐఎస్ఎల్ కప్పు తెచ్చిన మార్కెజ్ వచ్చి, ఎనిమిది ఆటలలో ఒక్కటే గెలిపించి ఏడాదికే వెడలిపోయారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్. మంత్రిని మార్చి శాఖను అట్లే ఉంచే విద్యను పార్లమెంటులో చూచి చూచి అలసినవాణ్ణి నేను.

1952లో హెల్సింకిలో యుగోస్లావియా చేత 10-1తో చిత్తయిన జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదు రహీమ్ సాహెబే. ఆ ఒక్క పరాభవానికి ఆయనను శాశ్వతంగా సాగనంపి ఉంటే, 1956 మెల్బోర్న్‌లో నాల్గవ స్థానం, 1962 జకార్తాలో స్వర్ణం ఎక్కడివి? శిక్షకుడెవరైనా నాలుగేళ్ళ గడువివ్వాలి. సంజాయిషీ ముందుగా సమాఖ్య నడిగి తీసుకోవాలి.