సంపాదకుని మాట: తిరుగు రైలెక్కిన పిమ్మట

చేతిసంచిలో రిపోర్టులు పెట్టుకొని సికింద్రాబాదు స్టేషనులో దిగి, హైదరాబాదున 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికి త్రోవ యడుగువారిని మన మెరుగుదుము. చికిత్స ముగిసి తిరుగు రైలెక్కిన పిమ్మట, ఇంటివారు వ్యాధి తీరెనని సంతసించుచుండగా, నిద్రించినను తీరని అలసటతోను, చిన్న నొప్పికే మరల వచ్చెనేమో యను భయముతోను వారు గడపు దీర్ఘకాలమును మాత్రము మన మెరుగము. ఈ సంచిక ఆ కాలమును గూర్చినది.

ఆసనములును ప్రాణాయామమును అప్పుడేమి చేయగలవు? అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు రొమ్ము క్యాన్సరు చికిత్స ముగిసిన 200 మంది స్త్రీలతో జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనమున, 12 వారములపాటు, వారమునకు రెండు మారులు హఠయోగము నేర్చినవారికి, శిక్షణ ముగిసిన మూడు నెలలకు, నేర్వనివారికంటె అలసటయు, రక్తమున శోథను సూచించు పదార్థములును తక్కువగా నుండినవి. రోగనిరోధక వ్యవస్థ అవసరము తీరినను చల్లారక రగులుచుండుటయే ఈ శోథ. యోగము క్యాన్సరును మాన్పునని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పి మందులు మాన్పించువారిని గట్టిగా నిరసించుచున్నాము.

ఇందలి రచనలను కలుపు సూత్ర మొక్కటే: తన దేహమే తనకు ద్రోహము చేసెనని కుమిలిన మనుష్యుడు, చాప పరచుకొని ఊపిరిని గమనించుచు, ఆ దేహముతో మరల మాటలాడ నారంభించుట. వైద్యుని యనుమతి గైకొని, ఓపికకు తగినంతగా, ఇంటివారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మీరును మొదలిడుడని మా ప్రార్థన.