ఇంటి బండి: రేగడిలో దిగబడితే...

క్రిందటి సంచికలో బ్యాటరీ గురించి వ్రాసినప్పుడు "పొలానికి తిరిగే బండి సంగతి కూడా చెప్పండి" అని ఇద్దరు పాఠకులు అడిగారు. ఆ పాఠం మా ఇంట్లో కాస్త ఖరీదుగానే నేర్చుకున్నాం. అందుకే చెబుతున్నాను.

మా బీదరులో రెండు రకాల నేలలు. కోట, ఊరు ఉన్న మిట్టంతా ఎర్ర మొరం. వాన పడితే నీరు ఇట్టే ఇంకిపోతుంది. నౌబాదులోని బహమనీల నాటి సురంగ బావిని త్రవ్వింది ఈ ఎర్ర రాతిలోనే. మిట్ట దిగి మంజీర వైపు వెళితే నల్లరేగడి. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బి సబ్బులా జారుతుంది. మా బావమరిది పొలం ఆ రేగడిలోనే.

మూడేళ్ళ క్రిందట శ్రావణంలో, కోసి కుప్ప వేసిన పెసర తెచ్చుకుందామని పికప్ తీసుకెళ్ళాడు. ఖాళీ బండి పొలం మొగదలే దిగబడింది. ఒక వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, రెండోది కదలదు. మూడు రోజులు ముసురు. నాలుగో రోజు చూస్తే కాయల్లోనే మొలకలు. సగం పంట పోయింది.

"లాభం లేదు బావా. బండి ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించి, డిఫరెన్షియల్‌కి లాకు పెట్టిస్తా" అన్నాడు. డబ్బు కోసం చెల్లెమ్మ గొలుసు కుదువ పెట్టాలని ఆలోచన. ఆ పిల్ల ఏమీ అనలేదు. గొలుసును వేళ్ళతో తడుముకుంటూ నిలబడింది. నేను తెలిసిన మెకానిక్కును పిలిపించాను.

అతను చెప్పింది ఇది. ఇంజను ముందుంది, తోసేది వెనక చక్రాలు. ఖాళీ బండికి వెనక బరువు లేక పట్టు దొరకదు. పైగా మామూలు డిఫరెన్షియల్ పట్టు లేని చక్రానికే తిరుగుడంతా ఇచ్చేస్తుంది. కమాను కట్టలు ఎత్తు పెంచితే బాడీ లేస్తుంది గాని, ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ ఎక్కడిదక్కడే ఉండి బురదను రాసుకుంటుంది. బండేమో మలుపుల్లో ఊగుతుంది. రిజిస్ట్రేషనులోని వివరాలు మారేలా బండిని మార్చడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కుదరదు కూడా.

కనుక మేము చేసింది తక్కువే. కంపెనీ చెప్పిన సైజులోనే, లోతైన గుబ్బలున్న టైర్లు వెనక రెండింటికీ వేయించాం. ఖాళీగా వెళ్ళేటప్పుడు ఇరుసు మీదుగా నాలుగు ఇసుక బస్తాలు కట్టి పెడతాం. ఇరుక్కుంటే ఆ ఇసుకే చక్రం క్రింద పోయవచ్చు. ఖాళీ బండికి బురదలో గాలి కొంత తగ్గించి, నడక వేగంతో పోవాలి. బరువెత్తే ముందు, రోడ్డెక్కే ముందు మళ్ళీ నింపాలి. అందుకని గాలి పంపు బండిలోనే ఉంటుంది. చక్రం ఒక్కటే తిరుగుతుంటే హ్యాండు బ్రేకు కొద్దిగా లాగి, మెల్లగా యాక్సిలరేటరు ఇస్తే రెండో చక్రానికీ కాస్త శక్తి వెళుతుంది. లాగించుకునే కొక్కేలు ఛాసిస్‌కి బిగించాం. తాడు బంపరుకు కట్టకూడదు, లాగేటప్పుడు దాని దగ్గర ఎవరూ నిలబడకూడదు.

అన్నిటికన్నా మేలు చేసింది మాత్రం బండికి చేసినది కాదు. పొలం మొగదల గుంటలో మూడు ట్రాలీల ఎర్ర మొరం పోయించాం. మిట్ట మీది నేల పల్లంలోని నేలకు సాయం చేసింది!

మరుసటి ఏడు పెసర ఇల్లు చేరింది. అయినా రేగడి బాగా తడిసిందంటే బండి గట్టు మీదే ఆపి, బస్తాలు మోసుకొస్తారు. రెండు చక్రాల పట్టుకు ఒక హద్దుంది. అది తెలిసినవాడి బండి దిగబడదు.

చెల్లెమ్మ గొలుసు ఆమె మెడలోనే ఉంది.

మీ ఊరి నేల ఎలాంటిదో, మీ బండి ఏం చేస్తుందో వ్రాయండి. వచ్చే సంచికలో బ్రేకుల గురించి మాట్లాడుకుందాం.