మన గీతలు మనమే గీద్దాం

మనసులోని ఆలోచనలను, నమ్మకాలను ఫోన్ తెర మీద గడులుగా పెట్టి గీతలతో కలిపే పద్ధతిని మైండ్ మ్యాప్ అంటున్నారు. నేర్చుకుందాం. కానీ అది నడుమ ఒక్క మాట పెట్టి చుట్టూ కొమ్మలు వేయమంటుంది. మన నమ్మకాలు అట్లా ఉంటాయా?

మేడారం జాతరకు సమ్మక్క చిలుకలగుట్ట నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి, పగిడిద్దరాజు మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి వస్తారు. ఇందులో నడుమ గడి ఏది? వేల్పు, ఊరు, చుట్టరికం, అడవి ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయి. 2016లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలయ్యాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది, మేడారం అటు పోయింది. సర్కారు గీతలు మారినా పగిడిద్దరాజు దారి మారలేదు.

మనకు పటం కొత్త కాదు. కోయల పడిగె గుడ్డ మీద గీసిన వంశ చరిత్రే. డోలి కొడుతూ ఆ కథ చెప్పిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఉపాధ్యాయులారా, పిల్లల గడి మీద 'మూఢనమ్మకం' అని ముందే ముద్ర వేయకండి. ప్రతి గీత మీద మాట రాయించండి: ఎవరు చెప్పారు? ఎక్కడ విన్నాను? ఎందుకు నమ్ముతున్నాను? జవాబు దొరకని గీతను పిల్లలే చెరుపుతారు. ఆ హక్కు వాళ్లది, మనది కాదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, తండాలో తీజ్ పాటనూ గూడెంలో వేల్పు కథనూ పెద్దలను అడిగి పటంలో పెట్టండి. పెద్దలు వద్దన్నది తెరకెక్కించకండి. గీత గీసినవాళ్లదే పటం.